పథ్యం ఆయనది, చాకిరి ఆమెది

(ఉత్తర తెలంగాణ మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మగవాళ్లకే వచ్చే ఒక క్యాన్సర్ గురించి మహిళా కార్యకర్తల సమావేశంలో మాట్లాడటం ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. రొమ్ము క్యాన్సర్ గురించి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి మనం చాలాసార్లు చర్చించుకున్నాం. కరపత్రాలు వేశాం, శిబిరాలు పెట్టాం. ప్రోస్టేట్ గ్రంథి మన ఒంట్లో లేదు కాబట్టి దాని మాట మన మధ్యకు రాలేదు. కానీ కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో, బొగ్గుగనుల కాలనీల్లో తిరుగుతూ ఈ జబ్బు వచ్చిన ఇళ్లకు వెళ్లినప్పుడల్లా నాతో ఎక్కువసేపు మాట్లాడింది రోగి భార్యే. ఆమె అడిగే మొదటి ప్రశ్న కూడా దాదాపు అన్ని ఇళ్లలో ఒకటే. "ఏం వండిపెట్టాలె? ఏం పెట్టొద్దు? సక్కగ జెప్పేటోళ్లు లేరు."

ఈ ప్రశ్నలో వైద్యం ఉంది. ఇంటిచాకిరి ఉంది. ఇంట్లో తిండిని ఎవరికెంత పంచుతారన్న విషయం ఉంది. జబ్బు ముదిరితే తప్పెవరిదన్న భయం కూడా ఉంది. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆయనకు చెప్పిన పథ్యంలో చాలా భాగం ఆమె ఒంటికి కూడా అవసరమైందే. కాబట్టి అది ఇద్దరి కంచాల్లోకీ రావాలి, దాని పనిలో ఇద్దరూ చేయి వేయాలి. మన ఇళ్లలో ఇప్పుడు జరుగుతున్నది దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంది.

జబ్బు గురించి నాలుగు మాటలు

ప్రోస్టేట్ అనేది మూత్రసంచి కింద, మూత్రనాళం చుట్టూ ఉండే పెద్ద ఉసిరికాయంత గ్రంథి. దీనికి క్యాన్సర్ ఎక్కువగా అరవై దాటిన వాళ్లకు వస్తుంది. చాలామందిలో నెమ్మదిగా పెరుగుతుంది. రాత్రి పదేపదే లేవడం, మూత్రం ధార సన్నబడటం, ఆగి ఆగి రావడం లాంటివి వయసుతో వచ్చే మామూలు ప్రోస్టేట్ వాపులోనూ కనిపిస్తాయి. అందుకే "ముసలితనం, గంతే" అని ఊరుకుంటారు. నడుము నొప్పి అని ఎక్స్‌రే తీయించుకుంటే ఎముకలకు పాకిందని తెలిసిన వాళ్లు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు.

2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను ముక్కలు చేసి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పాటు చేశారు. జిల్లాలు పెరిగినా క్యాన్సర్ వైద్యం కోసం చాలామంది ఇప్పటికీ హైదరాబాద్ బస్సే ఎక్కుతున్నారు. ఆదిలాబాద్ నుంచి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి దాదాపు 300 కిలోమీటర్లు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఆపరేషన్, రేడియేషన్ ఖర్చు చాలా ఇళ్లకు తగ్గింది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. అయితే ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక రోజూ పెట్టాల్సిన తిండి ఏ పథకం లెక్కలోకీ రాదు. అది ఇంటావిడ లెక్క.

ఈ క్యాన్సర్‌కు పురుష హార్మోన్ మేత లాంటిది. ఆ హార్మోన్‌ను తగ్గిస్తే జబ్బు తగ్గుముఖం పడుతుందని 1941లో చార్లెస్ హగిన్స్ చూపించాడు. ఆయనకు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పటికీ పాకిన జబ్బుకు మొదటి వైద్యం ఇదే. నెలకో, మూడు నెలలకో ఒక సూది వేయాలి, లేదంటే వృషణాలు తీసివేసే చిన్న ఆపరేషన్ చేయాలి. సూదులు ఖరీదు, ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది. అందుకే పేదలు ఎక్కువగా ఆపరేషన్‌కే ఒప్పుకుంటారు. దాని తర్వాత ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి. కండ తగ్గి పొట్ట పెరుగుతుంది. ఎముకలు గుల్లబారుతాయి. షుగరు, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. మనిషి దిగులుగా ఉంటాడు.

గోదావరిఖని దగ్గర ఒక అక్క ఈ లక్షణాలన్నీ విని నవ్వింది. "ముట్లు ఆగినప్పుడు నాకు గిట్లనే అయింది. అప్పుడు ఎవ్వలు అడుగలే" అన్నది. ఆ మాట గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

"మంచి తిండి పెట్టండమ్మా"

డాక్టరు గదిలో చివరి మాట ఇది. ఎవరితో అంటారో గమనించండి. జబ్బు మనిషి ఎదురుగానే కూర్చుని ఉంటాడు. ఆయనతో "తినండి" అనరు. పక్కన నిలబడ్డ ఆమె వైపు తిరిగి "పెట్టండి" అంటారు. ఆ ఒక్క క్రియాపదంతో తిండి మార్పు మొత్తం ఆమె నెత్తిమీదికి వస్తుంది. మంచి తిండి అంటే ఏమిటో చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. ఇంటికొచ్చాక తలా ఒక మాట చెబుతారు. పాలు మానిపించమని ఒకరు, పాలే బలమని ఒకరు. మాంసం ముట్టొద్దని ఒకరు, యాట కాళ్ల షోర్బా తాపమని ఒకరు. టమాటలతో తగ్గుతుందని కొడుకు ఫోన్లో చూసి చెబుతాడు. మందుల దుకాణంలో ప్రోటీన్ పొడి డబ్బా అంటగడతారు. పక్కూరి పసరు మందాయన ఉప్పు, పులుపు, నూనె మూడూ బంద్ అంటాడు.

పథ్యం అనే మాటకు మన సంస్కృతిలో చాలా బరువుంది. మందు పనిచేస్తే అది వైద్యుడి హస్తవాసి. పనిచేయకపోతే పథ్యం చెడిందంటారు. పథ్యం చెడిందంటే వండింది ఎవరన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

గట్క నుంచి అన్నానికి, అన్నం నుంచి గట్కకు

మన ప్రాంతపు తిండి చరిత్ర తెలియకుండా ఈ తగాదాలు అర్థం కావు. ఇవాళ అరవై, డెబ్బై ఏళ్లున్న దంపతులు జొన్న గట్క, మక్క గట్క, అంబలి, పచ్చిపులుసు, పుంటికూర తిని పెరిగినవాళ్లు. వరి అన్నం పండుగకో, చుట్టం వస్తేనో. పోచంపాడు కాలువల నీళ్లు కరీంనగర్ చేలకు వచ్చి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలయ్యాక అన్నం మూడు పూటల తిండి అయింది. తెల్లన్నం తినడమంటే ఆకలి రోజులు పోయాయని, దొర ఇంట్లో తినేదే మనమూ తింటున్నామని అర్థం. 2025 మార్చి చివర్లో తెలంగాణలో రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం పథకం మొదలైంది. ఆ సంతోషం న్యాయమైనదే.

ఇప్పుడు డాక్టరు వచ్చి "తెల్లన్నం తగ్గించండి, జొన్నరొట్టె తినండి" అంటే ఆ పెద్దమనిషికి వినపడేది వైద్య సలహా కాదు. "మళ్ల గట్కకే వస్తినా" అన్న అవమానం. మాంసం, కల్లు కూడా అంతే. దసరాకు యాటపోగులో భాగం, పొద్దుగూకే వేళ తాటివనంలో నలుగురితో కూర్చోవడం మగవాడి పరువుతో ముడిపడిన విషయాలు. అసలే ఆపరేషన్‌తో మగతనం పోయిందని లోలోపల కుమిలిపోతున్న మనిషికి కంచంలోని తునకలు కూడా తీసేస్తే కోపం వస్తుంది. ఆ కోపం ఎవరిమీదికి పోతుందో మనకు తెలుసు.

ఇక ఆమె వైపు నుంచి చూడండి. అన్నం కుక్కర్లో పెట్టి మూడు విజిళ్లకు దించేయొచ్చు. జొన్నరొట్టెకు వేడినీళ్లతో పిండి తడపాలి, పిసకాలి, ఒక్కోటి చేత్తో కొట్టాలి, పెనం ముందు నిలబడాలి. ఇంట్లో మిగతావాళ్లకు అన్నం ఎలాగూ తప్పదు. నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటింటా బీడీల చాట ఉంటుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. పొయ్యి దగ్గర గడిచిన గంటలో చుట్టాల్సిన బీడీలు తగ్గిపోతాయి. భర్త పని మానేసిన ఇంట్లో ఆ బీడీల కూలే ఆధారం. అంటే పథ్యం ఆమె సంపాదనను కూడా తింటున్నదన్నమాట. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారు, పాల్గొనే పురుషులు 88 నిమిషాలు. ఇది జబ్బులు లేని ఇళ్లను కూడా కలుపుకున్న సగటు. పథ్యం చేరాక ఆమె నిమిషాలు ఎన్ని అవుతాయో ఊహించుకోండి.

దంపతులు ఎలా నెట్టుకొస్తున్నారు

నేను చూసిన ఇళ్లలో నాలుగు పద్ధతులు కనిపించాయి.

మొదటిది రెండు కుండల పద్ధతి. ఆయనకు విడిగా సప్పటి కూర, ఇంటిల్లిపాదికి మామూలు కూర. కోడలున్న ఇంట్లో ఈ పని అత్త నుంచి కోడలికి పోతుంది, మగవాళ్ల దగ్గరికి మాత్రం రాదు.

రెండవది కాపలా పద్ధతి. భార్య పోలీసు అవుతుంది. ఆయన ఉప్పు అడుగుతాడు, ఆమె ఇవ్వదు. ఆయన హోటల్లో మిర్చి బజ్జీలు తిని వస్తాడు, ఆమె వాసన పట్టి గొడవ చేస్తుంది. "కోడిపిల్లను గద్ద చూసినట్టు చూస్తది" అని ఆయన ఫిర్యాదు. "నేను చూడకపోతే రేపు అందరు నన్నే అంటరు" అని ఆమె జవాబు. ఇద్దరి మాటా నిజమే.

మూడవది త్యాగం పద్ధతి. ఆయన తినని దాన్ని తానూ మానేస్తుంది. ఆయన ముందు కోడికూర ఎలా తినాలి అంటుంది. ఆయన కోసం కొన్న గుడ్డు, పాలు, పండు మాత్రం తాను ముట్టదు. రెండు వైపులా నష్టపోయేది ఆమే. అందరూ ఎక్కువ మెచ్చుకునేది కూడా ఈ పద్ధతినే.

నాలుగవది అరుదు, కానీ ఉంది. మంచిర్యాల వైపు గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన షిఫ్టు రోజుల్లో తన టిఫిన్ తానే కట్టుకునేవాడట. జబ్బు తెలిశాక కూరగాయలు తానే తేవడం, తరగడం మొదలుపెట్టాడు. "రొట్టె ఆమెనే కొడతది, నాకు చేతగాదు. పప్పు, కూర నావి" అన్నాడు. ఇద్దరూ ఒకే కూర తింటారు. కాపలా లేదు, దొంగతిండి లేదు. తన తిండిని తానే వండుకునే మనిషికి పథ్యం మరొకరు వేసిన శిక్షలా అనిపించదు.

ఇది మన వెనుకబాటుతనం అనుకోకండి. కెనడాకు చెందిన లారెన్స్ మ్రోజ్, గ్వెన్ చాప్‌మన్, జాన్ ఒలిఫ్, జోన్ బొటార్ఫ్ అనే పరిశోధకులు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిన దంపతులతో మాట్లాడి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడ కూడా మగవాళ్లు తిండి గురించి ఆసక్తి చూపినా వంట బాధ్యత ఎక్కువగా ఆడవాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఆడవాళ్లు భర్తల ఇష్టాయిష్టాలకు తగ్గట్టు సర్దుకుపోయారు. జబ్బు వచ్చి ఇంటి పద్ధతులన్నీ కదిలినా పాత పని విభజన మాత్రం మరింత గట్టిపడింది.

తప్పు కూరది కాదు

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. ఈ జబ్బులో పి.ఎస్.ఏ. అనే రక్తపరీక్ష మాటిమాటికీ చేస్తారు. ఆ అంకె పెరిగిన రోజు ఇంట్లో విచారణ జరుగుతుంది. "నువ్వు సరిగ పెట్టలే", "ఆ పండుగనాడు నూనె వంటలు చేసినవ్" అంటారు. ఎవరూ అనకపోయినా ఆమె తనను తానే అనుకుంటుంది. సిరిసిల్ల దగ్గర ఒక చెల్లె భర్త చనిపోయిన రెండేళ్ల తర్వాత కూడా "నేను తైదల జావ రోజు కాసి ఉంటే" అని ఏడ్చింది.

ఆమెకు మనం చెప్పగలిగిన నిజం ఒకటుంది. అమెరికాలో ప్రోస్టేట్ క్యాన్సర్ తొలిదశలో ఉన్న 478 మంది మగవాళ్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టు చేత రోజుకు ఏడు వంతులకు తగ్గకుండా కూరగాయలు తినిపించాలని రెండేళ్లు ప్రయత్నించారు. వాళ్లు నిజంగానే ఎక్కువ కూరగాయలు తిన్నారు. 2020లో ఫలితాలు వచ్చాయి. జబ్బు ముదరడంలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకుముందు 35 వేల మందికి పైగా మగవాళ్లకు సెలీనియం, విటమిన్ ఇ బిళ్లలు ఇచ్చి ఈ క్యాన్సర్ రాకుండా ఆపగలమేమో చూశారు. ఆగలేదు. విటమిన్ ఇ మాత్రమే తీసుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. ప్రోస్టేట్‌కు మూలికల మందని అమెరికాలో అమ్మిన పి.సి. స్పెస్ అనే గుళికల్లో అల్లోపతి మందులు కలిశాయని బయటపడి 2002లో వెనక్కి తీసుకున్నారు. ఇంత ఖర్చుతో, ఇంత జాగ్రత్తతో చేసిన కూరగాయల పరీక్షే జబ్బును ఆపలేకపోయినప్పుడు, ఒక పండుగనాటి సకినాలు దాన్ని ముదిరించాయని ఒక స్త్రీని ఎలా నిందిస్తాం? ఈ మాట ప్రతి ఇంట్లో, భర్తా కొడుకులూ అత్తమామలూ వినేలా చెప్పాలి.

మరి తిండి మారిస్తే ఉపయోగమే లేదా అంటే, ఉంది. జబ్బును తిండి నయం చేయదు. కానీ వైద్యం వల్ల వచ్చే బాధలను తట్టుకునే బలాన్ని ఇస్తుంది. ఒంట్లో కొవ్వు పెరగడానికీ ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ సంబంధం ఉందనడానికి గట్టి ఆధారాలున్నాయి. హార్మోన్ వైద్యంలో ఎముకలకు కాల్షియం, కండకు మాంసకృత్తులు, షుగరు, బి.పి. అదుపు, రోజూ నడక అవసరం. వీటికి డబ్బాలు కొననక్కరలేదు. వంద గ్రాముల తైదల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, నువ్వుల్లో వెయ్యికి పైగా. పప్పు, అనుములు, బబ్బెర్లు, గుడ్డు, చెరువు చేప, మునగాకు మన దగ్గర దొరికేవే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దనే చెప్పింది.

వైద్యం దశను బట్టి తిండి మారుతుందని కూడా కార్యకర్తలు తెలుసుకోవాలి. పొత్తికడుపుకు రేడియేషన్ ఇస్తున్నప్పుడు విరేచనాలైతే పీచు ఎక్కువున్న ఆకుకూరలు, మక్కలు కొన్నాళ్లు తగ్గించమంటారు. అప్పుడు మెత్తని అన్నం, పెరుగే మంచిది. అదే మనిషికి తర్వాత నొప్పికి మార్ఫిన్ ఇస్తే మలబద్ధకం వస్తుంది. అప్పుడు పీచు, నీళ్లు కావాలి. కీమో నడుస్తుంటే తాజాగా వండినవి, కాచిన నీళ్లు. అబిరాటిరోన్ అనే బిళ్లను మామూలుగా ఖాళీ కడుపుతో వేసుకోవాలి. అన్నంతో వేసుకుంటే ఒంట్లోకి మందు కొన్ని రెట్లు ఎక్కువగా ఎక్కుతుంది. ఈ గుణాన్నే వాడుకుని, పావు మోతాదును తేలికైన ఉదయపు తిండితో ఇస్తే పూర్తి మోతాదు లాగానే పి.ఎస్.ఏ. తగ్గిందని 2018లో ఒక చిన్న అధ్యయనం చూపింది. ఖర్చు భరించలేనివాళ్లకు కొందరు డాక్టర్లు అలా రాస్తున్నారు. ఇది సొంతంగా చేసే పని కాదు, డాక్టరును అడగాల్సిన విషయం. ఒకరికి చెప్పిన పథ్యం ఇంకొకరికి పనికిరాదని, నిన్నటి పథ్యం ఇవాళ మారవచ్చని చెప్పడానికే ఇదంతా చెప్పాను.

ఆమె కంచంలో ఏముంది?

ఇప్పుడు గోదావరిఖని అక్క మాట దగ్గరికి వద్దాం. ముట్లు ఆగిన స్త్రీకి కూడా ఎముకలు గుల్లబారుతాయి. ఆమెకూ షుగరు, బి.పి. వస్తాయి. ఆయనకు రాసిన తైదలు, నువ్వులు, పప్పు, గుడ్డు, నడక ఆమెకూ కావలసినవే. కానీ ఆమె ఒంట్లో ఆవిర్లు వచ్చిన రోజుల్లో ఎవరూ పథ్యం పెట్టలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆ వయసు దాటిన వాళ్లను ఆ సర్వే లెక్కపెట్టను కూడా లేదు. అందరూ తిన్నాక అడుగూ బొడుగూ తినే అలవాటు జబ్బు వచ్చిన ఇంట్లో మరింత ముదురుతుంది. ఆయనకు గుడ్డు పెట్టి ఆమె ఎల్లిగడ్డ తొక్కుతో అన్నం తింటుంది. ఆయన్ని చూసుకుంటూ ఆమె మంచాన పడితే ఆయన్ని చూసే దిక్కుండదన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. అదే ఇంట్లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ వస్తే పథ్యం ఎవరు వండుతారు? కీమో ఎక్కించుకుని బస్సు దిగి వచ్చి పొయ్యి వెలిగించిన ఆడవాళ్లను మనం చూశాం. తల్లి వస్తుంది, లేదా బిడ్డ బడి మానుతుంది. "ఆమెకు మంచిగ పెట్టయ్యా" అని భర్తతో డాక్టరు అన్నట్టు నేను వినలేదు. భార్య లేని మగవాళ్ల సంగతి, కొడుకులు గల్ఫ్‌కు పోయి ముసలివాళ్లే మిగిలిన జగిత్యాల ఇళ్ల సంగతి, బస్సే సరిగా రాని ఆసిఫాబాద్ గోండు గూడేల సంగతి మరో ఎత్తు. తిండిని భార్య బాధ్యతగా వదిలేసిన వ్యవస్థలో భార్య లేని రోగికి కూడా దిక్కులేదు.

తిండి మీద జరిగే కొట్లాటల్లో సగం తిండి గురించి కాదని కూడా మనం అర్థం చేసుకోవాలి. ఈ వైద్యం తర్వాత చాలామందిలో కోరిక, అంగస్తంభన తగ్గిపోతాయి. కొందరికి మూత్రం ఆగదు. ఈ విషయం డాక్టరు భర్తకు చెవిలో చెబుతాడు, భార్యకు చెప్పనే చెప్పడు. "నా మీద మనసు పోయిందేమో" అని ఆమె బాధపడుతుంది. ఆయన మంచం వేరు చేసుకుంటాడు. చెప్పుకోలేని ఆ బాధే "గిదేం కూర, ఉప్పులేదు" అన్న మాటగా బయటికి వస్తుంది. ఆమె కూడా చెప్పలేని ప్రేమను, భయాన్ని గిన్నెలోనే వండిపెడుతుంది. ఆయన అనుమతితో ఆమెకు కూడా ఈ సంగతులు చెప్పాలి. తన సంసారంలో ఏం జరుగుతున్నదో తెలుసుకోవడం ఆమె హక్కు.

మనం అడగాల్సినవి, చేయాల్సినవి

ఆస్పత్రులను మనం అడగాల్సింది ఇది. తిండి సలహా దంపతులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. ముందు రోగితో మాట్లాడాలి. "ఇంట్లో వంట ఎవరు చేస్తారు, ఆమె ఆరోగ్యం ఎలా ఉంది" అని అడగాలి. తెలుగులో, గోండులు ఎక్కువున్న చోట గోండిలో, మన జొన్నలు, తైదలు, పుంటికూర పేర్లతో సలహా ఉండాలి. చదువురాని వాళ్లకు బొమ్మలతో ఉండాలి. ఆదిలాబాద్ రిమ్స్ లాంటి జిల్లా స్థాయి ఆస్పత్రుల్లోనే ఈ సలహా దొరికితే తిండి గురించి అడగడానికి హైదరాబాద్ దాకా పోనక్కరలేదు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఇది. 2013 ఆహార భద్రత చట్టం 13వ సెక్షన్ ప్రకారం రేషన్ కార్డుకు ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన పెద్ద స్త్రీయే యజమాని. కాగితం మీద యజమాని అయిన ఆ స్త్రీ కంచంలో పప్పు లేదు. అదే చట్టంలో బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాల మాట కూడా ఉంది. జొన్నలు, తైదలు, పప్పు రేషన్‌లో ఇవ్వాలని మనం అడగాలి. దీర్ఘకాల జబ్బు మనిషి ఉన్న ఇంటికి, చూసుకునే మనిషిని కూడా లెక్కలోకి తీసుకుని పోషకాహార సహాయం ఇవ్వాలని అడగాలి.

ఇక మన పని. జబ్బు ఇంటికి వెళ్లినప్పుడు "ఆయనకు ఏం పెడుతున్నవ్" అని అడిగే ముందు "నువ్వేం తిన్నవ్" అని ఆమెను అడుగుదాం. ఆమె బి.పి., షుగరు పరీక్ష కూడా అదే రోజు చేయిద్దాం. వీలైనంతవరకు ఒకే కుండ, ఇద్దరికీ ఒకే కూర, ఇద్దరూ ఒకే పూట కూర్చుని తినడం అన్న పద్ధతిని చెబుదాం. పప్పు వేయడం, కూర తరగడం, జావ కాయడం చేతనైన మగవాడు చేయొచ్చు. కీమో నడిచే రోజుల్లో చేయలేకపోతే కొడుకు చేయాలి. మహిళా సంఘాల్లో అప్పుల లెక్కతో పాటు ఈ సంగతి కూడా ఒక నెల మాట్లాడుకుందాం. పొడులు, పసర్లు కొనే ముందు డాక్టరుకు చూపించమని చెబుదాం.

భర్తను చూసుకోవద్దని మనం ఏ స్త్రీకీ చెప్పడం లేదు. నలభై ఏళ్లు కలిసి బతికిన మనిషి జబ్బున పడితే ఆమె చూస్తుంది, చూడాలని ఆమెకే ఉంటుంది. ఆ ప్రేమను ఒక్కరి చాకిరిగా, ఒక్కరి తప్పుగా, ఒక్కరి ఆకలిగా మార్చొద్దని మాత్రమే అడుగుతున్నాం. వచ్చే వారం మీమీ ఊళ్లలో ఇలాంటి ఇల్లు ఏదైనా ఉంటే వెళ్లండి. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడండి. మళ్లీ కలిసినప్పుడు అక్కడ విన్నది ఇక్కడ చెప్పండి.